దక్షిణ ఫ్రాన్సు ద్రాక్షతీగను బ్రతికించిన అంటు

మామిడి అంటును గూర్చి వినని తెలుగు విద్యార్థి ఉండడు. నాటు టెంక నుంచి మొలిచిన మొక్కపై బంగినపల్లి కొమ్మను అతికించి కట్టుకడతారు. కొన్నాళ్లకు రెండూ ఒకటైపోతాయి. నేలలోని వేరు నాటుదే, కాసే కాయ మాత్రం బంగినపల్లిది. ఇంత చిన్న పని ఒకప్పుడు ఫ్రాన్సు దేశపు ద్రాక్షతోటలను సర్వనాశనం నుంచి కాపాడిందంటే ఆశ్చర్యం కలుగుతుంది. అయితే ఆ పని చేయవలెనని తెలుసుకోవడానికే ఆ దేశానికి పదేళ్లకు పైగా పట్టింది. తెలిసిన తరువాత అందరిచేతా ఒప్పించడానికి మఱికొంత కాలం పట్టింది. ఆ కథకు రంగస్థలం దక్షిణ ఫ్రాన్సు. అక్కడి రైతు పలురకాల ద్రాక్షలను కలిపి తీసే ఎఱ్ఱ వైన్ నేడున్న రూపంలో ఉండడానికి కారణం కూడా ఆ కథలోనే ఉన్నది.

వైన్ అంటే ఏమిటి?

మన ఊళ్లలో వైన్‌ను, సారాను ఒకటిగా లెక్కగడతారు. రసాయనశాస్త్ర దృష్టిలో అవి వేరు. సారా బట్టీలో కాచి దించినది. వైన్‌ను కాచరు, దించరు. పండిన ద్రాక్షను చిదిపి తొట్లలో ఉంచితే, ఈస్టు అనే సూక్ష్మజీవి రసంలోని చక్కెరను ఆల్కహాలుగానూ, బొగ్గుపులుసు వాయువుగానూ మారుస్తుంది. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర ఉంటే నూటికి ఒక వంతు ఆల్కహాలు తయారవుతుంది. కావున పండు ఎంత తీయగా ఉంటే వైన్ అంత ఘాటుగా ఉంటుంది.

మఱి ఎఱుపు ఎక్కడిది? నల్లద్రాక్షను ఒకదానిని ఒలిచి చూడండి. లోపలి గుజ్జుకు దాదాపు రంగే ఉండదు. రంగునిచ్చే ఆంథోసయనిన్‌లు, వగరునిచ్చే టానిన్‌లలో చాలా భాగం తొక్కలో ఉంటాయి. అందుచేత ఎఱ్ఱ వైన్ చేసేవారు తొక్కలను రసంలోనే నాననిస్తారు.

ఒక్కొక్క రకానికి ఒక్కొక్క గుణం

రోన్ నది మధ్యధరా సముద్రంలో కలిసే చోటునుంచి స్పెయిన్ సరిహద్దు దాకా సాగే లాంగ్‌డాక్, రూసియోన్ ప్రాంతాలు, నదికి తూర్పున ఉన్న ప్రొవాన్స్, నది వెంబడి ఉత్తరంగా అవిన్యోన్ నగర పరిసరాలు – ఇదంతా ద్రాక్షసీమ. వేసవిలో వానలు బహు తక్కువ. ఉత్తరం నుంచి మిస్త్రాల్ అనే పొడిగాలి ఉధృతంగా వీస్తుంది. నేల చాలాచోట్ల రాతినేల.

ఈ సీమలో గ్రెనాష్ అనే రకం బాగా పెరుగుతుంది. అది ఎండకు, గాలికి, నీటియెద్దడికి ఓర్చుకుంటుంది. పండులో చక్కెర పుష్కలం. కాని తొక్క పలుచన, రంగు తక్కువ. దాని వైన్ గాలి సోకితే త్వరగా వివర్ణమవుతుంది. సిరా అనే మఱొక రకం ముదురురంగును, మిరియాల వంటి వాసనను ఇస్తుంది. ఈ పేరు మనం వ్రాసే సిరాను గుర్తుకు తెస్తుంది. రెండింటికీ సంబంధం లేకపోయినా, ఆ వైన్ రంగు చూస్తే పేరు తగినదేననిపిస్తుంది. ఆ మిరియాల వాసనకు కారణం రొటండోన్ అనే పదార్థమని 2008లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ప్రకటించారు. మన నల్లమిరియాలలో ఉండేదీ అదే. మూడవది మూర్వెద్ర్. ఇది ఆలస్యంగా పండుతుంది, గట్టి వగరునిస్తుంది, వైన్‌ను ఎక్కువకాలం నిలవనిస్తుంది. నాలుగవదైన కారిన్యాన్ పులుపునూ, అధిక దిగుబడినీ ఇస్తుంది.

ఏ ఒక్క రకమూ స్వయంసంపూర్ణం కాదు. ఒకదాని తీపి, ఒకదాని రంగు, ఒకదాని వగరు, ఒకదాని పులుపు కలిసినప్పుడే పొంకం కుదురుతుంది. పచ్చిపులుసు చేసేవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. కలపడంలో రైతుకు మఱొక రక్షణ కూడా ఉన్నది. ఒక రకం ఒక ఏడు దెబ్బతిన్నా, వేఱే కాలంలో పూచి పండే మఱొక రకం నిలుస్తుంది.

ఇంత పొందికైన ఏర్పాటు గల తోటలు 1860 తరువాత ఎండిపోసాగాయి.

కనబడని శత్రువు

అంతకు ముందే, 1850 ప్రాంతాలలో, ఒక బూడిద తెగులు అమెరికానుంచి ఐరోపాకు వచ్చి ద్రాక్షను పీడించింది. గంధకపుపొడి చల్లి దానిని అదుపులో పెట్టారు. అమెరికా తీగలు ఈ తెగులును తట్టుకుంటాయని తెలిసి, కొందరు ఆ తీగలను వేళ్లతో సహా తెప్పించుకోసాగారు. ఆవిరి ఓడలు వచ్చి సముద్రప్రయాణం కొద్దిరోజులకు కుదించుకుపోయింది. పూర్వం దారిలోనే చచ్చిపోయే పురుగులు ఇప్పుడు ప్రాణాలతో ఒడ్డుకు చేరగలిగాయి. రోన్ నది ఒడ్డున ఉన్న రోక్‌మోర్ అనే ఊళ్లో బోర్తి అనే వర్తకుడు 1862లో న్యూయార్కు నుంచి వచ్చిన తీగలను తన పెరటిలో నాటాడు. ఆ తరువాత కొద్ది ఏళ్లలోనే చుట్టుపట్ల తోటలలో తీగలు చావసాగాయి.

ఆ వ్యాధి తీరు విచిత్రం. తోట నడుమ కొన్ని తీగల ఆకులు ముందుగా పసుపుబారి రాలేవి. మఱుసటి ఏడు ఆ మచ్చ నూనెచుక్కవలె చుట్టూ వ్యాపించేది. రెండుమూడేళ్లకు తీగ చచ్చేది. చచ్చిన తీగను పెకలించి చూస్తే కుళ్లిన వేళ్లు తప్ప ఏమీ కనబడేది కాదు. నేల బలం తగ్గిందని కొందరు, వాతావరణం చెడిందని కొందరు, దైవాగ్రహమని కొందరు అన్నారు.

రైతుల మొఱ విని, ఎరో జిల్లా వ్యవసాయ సంఘం ముగ్గురిని విచారణకు నియమించింది. వారిలో ఒకరు మోంపెలియే నగరంలో వృక్షశాస్త్రాచార్యుడైన జూల్ ఎమీల్ ప్లాంషోన్. తక్కిన ఇద్దరు గాస్తోన్ బజీయ్, ఫెలిక్స్ సాహు. వీరు 1868 జూలైలో సెయింట్ రెమీ సమీపంలోని ఒక తోటకు వెళ్లారు. అందరూ చచ్చిన తీగలనే త్రవ్వి చూస్తున్న ఆ రోజులలో, వారు పైకి ఇంకా పచ్చగా ఉన్న తీగ వేళ్లను భూతద్దంతో పరీక్షించారు. ఆ వేళ్లపై పసుపుపచ్చని నలుసులు గుంపులుగా కనిపించాయి. ఒక్కొక్కటి మిల్లీమీటరుకు మించదు. అవన్నీ వేళ్లలో ముక్కు గ్రుచ్చి రసం పీలుస్తున్నాయి.

చచ్చిన వేరుపై పురుగు ఎందుకు కనబడలేదో దీనితో విశదమైంది. రసం ఇంకిపోయిన వేరుతో దానికి పని లేదు. తీగ చచ్చేలోగా అది ప్రక్క తీగకు తరలిపోతుంది. నేరం జరిగిన చోట అప్పటికే దొంగ ఉండడు గదా! ఈ పురుగు మన రైతులు ఎరిగిన పేనుబంకకు దగ్గరి చుట్టం. తరువాత దీనికి ఫిలోక్సెరా అనే పేరు స్థిరపడింది.

కారణమా, ఫలితమా?

పురుగు దొరికినంత మాత్రాన వివాదం ముగియలేదు. పారిస్‌లోని పలువురు పండితులు ప్లాంషోన్ మాటను ఒప్పుకోలేదు. తీగలు ముందే నీరసించాయి, నీరసించిన మొక్కను పురుగు ఆశ్రయించింది, కావున పురుగు ఫలితమే కాని కారణం కాదని వారి వాదం. ఈ వాదాన్ని తేలికగా త్రోసివేయరాదు. రెండు విషయాలు కలిసి కనబడినప్పుడు ఏది ముందు, ఏది వెనుక అని అడగడం శాస్త్రంలో న్యాయమైన ప్రశ్నే. జవాబు పరీక్షలోనే దొరకాలి. పురుగు లేని ఆరోగ్యమైన తీగకు పురుగును అంటిస్తే అదే వ్యాధి వచ్చింది. వ్యాధి వచ్చిన నేలలో కూడా కొన్ని తీగలు చావలేదు. అవి అమెరికా తీగలు.

ఇక్కడ ఒక అమెరికను రంగంలోకి వస్తాడు. మిస్సౌరీ రాష్ట్రపు కీటకశాస్త్రజ్ఞుడు చార్లెస్ వేలంటైన్ రైలీ. అమెరికాలో ద్రాక్షాకులపై బుడిపెలు కట్టే పురుగు ఒకటి 1850 దశకం నుంచే శాస్త్రజ్ఞులకు తెలుసు. ప్లాంషోన్ బావమరది లిఖ్టెన్‌స్టయిన్ ఈ రెండు పురుగులూ ఒకటే కావచ్చునని ఊహించాడు. రైలీ పరిశీలించి అది నిజమేనని నిరూపించాడు. 1873లో ప్లాంషోన్ స్వయంగా అమెరికా వెళ్లి, అక్కడి తీగలు పురుగుతో కలిసి బ్రతకడం చూచి వచ్చాడు.

అమెరికా తీగలకు ఆ శక్తి ఎలా వచ్చింది? ఆ పురుగు పుట్టినిల్లు అమెరికాయే. వేల తరాలుగా పురుగూ, తీగా కలిసి ఉన్నాయి. తట్టుకోలేని తీగలు నశించాయి, తట్టుకొన్నవే మిగిలాయి. వాటి వేరుకు గాయమైతే, గాయం చుట్టూ బెండువంటి పొర ఏర్పడి దానిని మూసివేస్తుంది. ఐరోపా తీగ ఈ పురుగును ఎన్నడూ ఎరుగదు. దాని గాయంలో శిలీంధ్రాలు చేరి వేరు కుళ్లిపోతుంది. డార్విన్ ‘జాతుల పుట్టుక’ వెలువడింది 1859లో. ఆయన చెప్పిన ప్రకృతివరణానికి ఇంతకంటె చక్కని ఉదాహరణ రైతుకు చూపడం కష్టం.

నాలుగు మార్గాలు

ఫ్రెంచి ప్రభుత్వం 1870లో 20,000 ఫ్రాంకుల బహుమతి ప్రకటించి, 1874లో దానిని 3,00,000 ఫ్రాంకులకు పెంచింది. ఎన్నో వింత వైద్యాలు సూచించబడ్డాయి. నిలిచినవి నాలుగే.

మొదటిది ముంపు. లూయీ ఫోకోన్ అనే రైతు శీతకాలంలో నలభై రోజులకు పైగా తోటను నీటిలో ముంచి ఉంచితే పురుగు చస్తుందని చూపాడు. కాని నది ప్రక్కన చదునైన నేల ఉన్నవారికే ఇది సాధ్యం. రెండవది ఇసుక. ఇసుకనేలలో పురుగు సులభంగా కదలలేదు. అందుచేత ఏగ్-మోర్త్ దగ్గర సముద్రపుటిసుకలో తోటలు వేశారు. మూడవది కార్బన్ డైసల్ఫైడు. దీనిని పెద్ద పిచికారీతో నేలలోకి ఎక్కించేవారు. పురుగు చచ్చేది కాని, ఆ ద్రవం విషం, నిప్పు తగిలితే భగ్గున మండుతుంది. పైగా ఏటేటా ఖర్చు. ధనికులకే అది అందుబాటు.

నాలుగవది అంటు. అమెరికా తీగలను అలాగే నాటవచ్చు గాని, వాటి పండ్లలో ఫ్రెంచివారు ‘నక్కవాసన’ అని ఏవగించుకొనే ఒక వాసన ఉండేది. అమెరికా వేరుపై ఫ్రెంచి కొమ్మను అంటుకడితే? పురుగు నేలలోని వేరునే కదా పట్టేది! పండు మాత్రం పైకొమ్మదే అవుతుంది. బజీయ్ ఈ సూచనను 1869లోనే చేశాడు. మందులవారికీ, అంటులవారికీ మధ్య ఏళ్ల తరబడి వివాదం సాగింది. శత్రువును తెచ్చిన తీగనే మిత్రునిగా స్వీకరించడానికి మనసు ఎలా ఒప్పుతుంది? ప్రభుత్వం కూడా చాలాకాలం పురుగు సోకని జిల్లాలకు అమెరికా తీగలను రానివ్వలేదు.

ఈలోగా నష్టం పెరిగింది. 1875లో ఫ్రాన్సులో సుమారు 8 కోట్ల 40 లక్షల హెక్టోలీటర్ల వైన్ తయారయింది. 1889లో అది సుమారు 2 కోట్ల 30 లక్షలకు పడిపోయింది. ఒక హెక్టోలీటరు నూరు లీటర్లు. చివరికి అవసరమే తీర్పు చెప్పింది. మందు కొనలేని చిన్నరైతులు అంటునే నమ్ముకున్నారు. మూడు లక్షల ఫ్రాంకుల బహుమతి మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

అంటులోనూ చిక్కులు లేకపోలేదు. సున్నపునేలలో కొన్ని అమెరికా వేళ్లు ఇనుమును గ్రహించలేక, ఆకులు పసుపుబారేవి. 1887లో మోంపెలియే శాస్త్రజ్ఞుడు పియేర్ వియాలా అమెరికా వెళ్లి సున్నాన్ని సహించే అడవితీగ కోసం గాలించాడు. టెక్సాసులోని డెనిసన్ వాసి మన్‌సన్ అతనికి తోడ్పడ్డాడు. అక్కడి సున్నపుగుట్టలపై పెరిగే బెర్లాండియరి అనే జాతి ఆ కొరత తీర్చింది.

తోట తిరిగి వచ్చింది, గుణం రాలేదు

కథ ఇక్కడ ముగిస్తే సుఖాంతమే. కాని చరిత్ర అలా జరగలేదు. అంటుతీగలతో తోట తిరిగి వేయడానికి పెట్టుబడి కావాలి. పెట్టుబడి త్వరగా తిరిగిరావాలంటే దిగుబడి కావాలి. అందుచేత లాంగ్‌డాక్‌లో తోటలు గుట్టలు దిగి సారవంతమైన మైదానాలకు వచ్చాయి. ఆరామోన్ అనే రకం రాజ్యమేలింది. మైదానంలో అది హెక్టారుకు 200 హెక్టోలీటర్లకు మించి ఇవ్వగలదు. వైన్ మాత్రం పలుచన, రంగు అంతంత మాత్రం. రంగు కోసం అందులో అలికాంత్ బూషే వైన్ కలిపేవారు. ఇది బూషే కుటుంబంవారు సంకరపరచి సృష్టించిన రకం. మనం పైన చెప్పుకొన్న నియమానికి ఇది అపవాదం, దీని గుజ్జే ఎఱుపు. ఇలా కలపడం కూడా మిశ్రమమే. కాని ఒకరి గుణం ఒకరికి తోడయ్యే మిశ్రమం కాదు, ఒకరి లోపాన్ని మఱొకరు కప్పిపుచ్చే మిశ్రమం.

కరవు కాలంలో మఱొక దురలవాటు కూడా పుట్టింది. ఎండుద్రాక్షను నానబెట్టి, పిప్పిలో చక్కెరనీళ్లు పోసి వైన్ పేరుతో అమ్మేవారు. తోటలు తిరిగి కాచిన తరువాత కూడా ఈ కల్తీ ఆగలేదు. ధర కుప్పకూలింది. 1907 మార్చిలో ఆర్జెలియే అనే పల్లెనుంచి మార్సెలిన్ ఆల్బేర్ నాయకత్వాన ఎనభైయేడుగురు రైతులు నడిచి బయలుదేరారు. జూన్ 9న మోంపెలియే సభకు ఐదు లక్షలకు పైగా జనం వచ్చారని అంచనా. నార్బోన్‌లో సైన్యం కాల్పులు జరిపింది, కొందరు మరణించారు. ఆ ప్రాంతపు బిడ్డలే అధికంగా ఉన్న 17వ పటాలం సైనికులు కొన్నివందల మంది తమవారిపై తుపాకి ఎత్తబోమని తిరగబడ్డారు. జూన్ 29న పార్లమెంటు చట్టం చేసింది. ప్రతి రైతూ తన పంట పరిమాణాన్ని ప్రకటించవలె, వైన్‌లో వేసే చక్కెరపై పన్ను చెల్లించవలె.

కల్తీని అరికట్టడం ఒక మెట్టు. గుణాన్ని నిలబెట్టడం రెండవ మెట్టు. అవిన్యోన్ దగ్గర షాతోనఫ్-ద్యు-పాప్ అనే ఊరున్నది. పూర్వం పోపులకు వేసవి విడిది. 1923లో అక్కడి రైతులు, న్యాయశాస్త్రం చదివిన బేరన్ ల రువా నాయకత్వంలో తమకు తామే కట్టుబాట్లు విధించుకున్నారు. లావెండర్, థైమ్ మొక్కలు పెరిగేటంత బీదనేలలోనే తోట ఉండవలె. నిర్ణీత రకాలే నాటవలె. చెడ్డపండును ఏరివేయవలె. ఆల్కహాలు నూటికి పన్నెండున్నర వంతులకు తగ్గరాదు. 1936లో ఇవి చట్టమయ్యాయి. అందులో అనుమతించిన రకాలు పదమూడు. హెక్టారుకు 35 హెక్టోలీటర్లకు మించరాదు. మైదానపు ఆరామోన్ దిగుబడితో దీనిని పోల్చి చూడండి.

ఇరవయ్యవ శతాబ్ది చివరిభాగంలో లాంగ్‌డాక్ కూడా ఆ దారి పట్టింది. ఆరామోన్‌ను పెకలించి, సిరా, గ్రెనాష్, మూర్వెద్ర్ నాటారు. కోర్బియేర్, మినెర్వ్వా వంటి ప్రాంతాలు 1985లో చట్టబద్ధమైన గుర్తింపు పొందాయి. నేడు దక్షిణపు ఎఱ్ఱ మిశ్రమంలో కనబడే తీపి, రంగు, వగరుల పొందిక పురాతన కాలంనుంచి చెక్కుచెదరకుండా వచ్చినది కాదు. ఒకసారి పోగొట్టుకొని, తిరిగి సంపాదించుకొన్నది.

పురుగు ఎక్కడికీ పోలేదు

ఫిలోక్సెరాను ఎవరూ నిర్మూలించలేదు. అది నేటికీ ఆ నేలలోనే ఉన్నది. దాని ఎదుట నిలబడే వేరు ఉన్నంత వరకే తోట ఉంటుంది. ఈ సంగతి మరచినవారికి కాలిఫోర్నియాలో గుణపాఠం దొరికింది. అక్కడ ఏ.ఎక్స్.ఆర్.1 అనే వేరును విరివిగా నాటారు. అది అమెరికా తీగకు, మనం చెప్పుకొన్న ఆరామోన్‌కు పుట్టిన సంకరం. దానిలో సగం రక్తం తట్టుకోలేని జాతిది. దిగుబడి బాగున్నదని దానిని నమ్ముకున్నారు. 1980 దశకంలో పురుగు దానిని జయించింది, తోటలను మళ్లీ పెకలించవలసి వచ్చింది.

ఈ కథ తాలూకు రెండు తునకలు మన నేలకు కూడా చేరాయి. అమెరికా తీగలతోపాటే వచ్చిన మఱొక బూజుతెగులుకు విరుగుడుగా 1885లో ఫ్రాన్సులో మిల్లార్దే ప్రకటించినదే మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం. బత్తాయి, నిమ్మ చెట్ల మొదళ్లకు మన రైతులు నేటికీ దానిని పూస్తున్నారు. రెండవది డాగ్‌రిడ్జ్ అనే వేరు. దక్కను ద్రాక్షతోటలలో నీటియెద్దడినీ, ఉప్పునూ తట్టుకోవడానికి దానిపై అంటుకడతారు. దానిని టెక్సాసు అడవితీగలనుంచి ఎంచి తీసినవాడు వియాలాకు తోడ్పడిన ఆ మన్‌సనే.

మోంపెలియే రైలుస్టేషను ఎదుట ఉద్యానవనంలో 1894లో ప్లాంషోన్ విగ్రహం నిలిపారు. ఒక ద్రాక్షరైతు ఆయనకు పండ్లగుత్తి సమర్పిస్తున్నట్లు దానిని మలచారు. ఆయన ఏ మందునూ కనిపెట్టలేదు. అందరూ చచ్చిన తీగను త్రవ్వుతున్నప్పుడు, బ్రతికి ఉన్న తీగ వేరును చూచాడు. ఆ తరువాత తన మాట నిలబడే దాకా పరీక్షలు చేస్తూ పోయాడు.